నొక్కేది మనం, తేల్చేది అది: చిన్న ఫిల్మ్ కెమెరాలో ఇంటి ఫొటోలు ఎందుకు కుదురుతాయి, ఎందుకు చెడతాయి

మా ఇంట్లో ఒక పాత ప్రింటు ఉంది. అమ్మా పిన్నీ పక్కపక్కన నిలబడి ఉన్నారు, మధ్యలో జానెడు ఖాళీ. ఇద్దరి మొహాలూ మసక. వాళ్ళ మధ్య నుంచి కనబడే తలుపు గొళ్ళెం మాత్రం, పట్టిన తుప్పుతో సహా, మరలు లెక్కపెట్టుకునేంత స్పష్టంగా పడింది. ఫొటో తీసిన నాన్న చెయ్యి వణికిందని చాలా ఏళ్ళు ఇంట్లో తీర్పు. చెయ్యి వణికితే గొళ్ళెం కూడా మసకబారాలి కదా అని ఎవరికీ తట్టలేదు.

ఆ రోజుల నాటి అరచేతి కెమెరాలు ఇప్పుడు బీరువాల అడుగు నుంచి మళ్ళీ పైకొస్తున్నాయి. కొత్తవీ వస్తున్నాయి: 2022లో కొడాక్ పేరుతో ఎక్టార్ హెచ్35, 2024లో పెంటాక్స్ 17, అదే ఏడాది రోలై 35ఏఎఫ్. పిల్లల ఫొటోలు ఫిల్మ్ మీద తీద్దామని సరదాపడి మొదటి రీలు కడిగించాక చాలామందికి ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే. ఒకే రీల్లో ఒక ఫొటో ముచ్చటగా వచ్చి, దాని పక్కది బొగ్గులా ఎందుకొచ్చింది? "ఫిల్మ్ అంటే అంతే, అదృష్టం" అనేవాళ్ళు ఉన్నారు. అదృష్టం పాత్ర ఉంది కానీ, అనుకున్నంత లేదు. బటన్ నొక్కిన క్షణంలో ఆ డబ్బా మనకు చెప్పకుండా కొన్ని నిర్ణయాలు తీసుకుంటుంది. వాటిలో ఏది తప్పిందో ఫొటో చూస్తే చాలావరకు చెప్పేయొచ్చు.

పాయింట్ అండ్ షూట్: పేరొకటే, రకాలు మూడు

"మీరు బటన్ నొక్కండి, మిగతాది మేం చూసుకుంటాం" అని కొడాక్ 1888లోనే ప్రచారం చేసుకుంది. అప్పటి "మేం" అంటే నిజంగానే మనుషులు. వంద ఫొటోల ఫిల్మ్‌తో వచ్చే ఆ కెమెరాను, అన్నీ తీశాక అలాగే ఫ్యాక్టరీకి పంపేయాలి. ఆ "మిగతాది" కెమెరా తానే చేసుకోవడం తొంభై ఏళ్ళ తర్వాతి సంగతి. 1975లో కోనికా సీ35 ఈఎఫ్ ఫ్లాష్‌ను ఒంట్లోనే ఇముడ్చుకుంది. 1977లో కోనికా సీ35 ఏఎఫ్ తనంతట తానే ఫోకస్ చేసుకోవడం మొదలుపెట్టింది. 1983లో రీలు డబ్బీల మీదికి వచ్చిన డీఎక్స్ కోడ్ వల్ల లోపల ఏ రీలు వేశామో కెమెరాకే తెలిసిపోయింది. 1986లో పెంటాక్స్ జూమ్ 70 జూమ్ లెన్స్ తెచ్చింది.

దీంతో పాయింట్ అండ్ షూట్ (గురిపెట్టు, నొక్కు) అనే ఒకే పేరు కింద మూడు రకాలు చేరాయి. లెన్స్ అసలు కదలని ఫిక్స్‌డ్ ఫోకస్ కెమెరాలు మొదటి రకం. వాడి పారేసేవీ, చవకలో కొత్తగా వస్తున్న చాలావీ ఇవే. జూమ్ లేని ఒకే లెన్స్‌తో ఆటోఫోకస్ చేసేవి రెండో రకం. ఒలింపస్ మ్యూ 2, యాషికా టీ4 లాంటివి. మూడోది జూమ్ రకం. పాత బీరువాల్లో దొరికేవి ఎక్కువగా రెండోవో మూడోవో. రకం తెలియకుండా "ఈ కెమెరా బాగా తీస్తుందా" అని అడిగితే జవాబు చెప్పడం కష్టం, ఎందుకంటే మూడూ మూడు చోట్ల తప్పుతాయి.

గొళ్ళెం ఎందుకు స్పష్టంగా పడింది

ఆటోఫోకస్ చేసే ఈ చిన్న కెమెరాల్లో (వీటినే కాంపాక్ట్‌లంటారు) ఎక్కువ భాగం కంటికి కనబడని పరారుణ కాంతితో దూరం కొలుస్తాయి. 1979లో కెనాన్ ఏఎఫ్35ఎం వాడిన పద్ధతి ఇది. కెమెరా నుదుటి మీద రెండు చిన్న అద్దాల కిటికీలుంటాయి. ఒకదాని నుంచి కిరణం బయల్దేరి, ఎదుటి వస్తువుకి తగిలి, రెండోదాని వెనకున్న సెన్సర్‌కు తిరిగొస్తుంది. వస్తువు దగ్గరుంటే ఆ కోణం పెద్దది, దూరమైతే చిన్నది. కోణాన్ని బట్టి లెన్స్ ఎక్కడ ఆగాలో కెమెరా తేల్చుకుంటుంది. చీకట్లో కూడా పనిచేయడం దీని గొప్ప.

చిక్కు ఏమిటంటే ఆ కిరణం సన్నటిది, నట్టనడుమనే పోతుంది. ఇంటి ఫొటోల్లో తరచూ ఉండేది ఇద్దరు మనుషులు, మధ్యలో ఖాళీ. కిరణం ఆ ఖాళీలోంచి దూసుకుపోయి వెనక గోడకో తలుపుకో తగులుతుంది. కెమెరా దృష్టిలో ఫోకస్ చక్కగా కుదిరింది, గొళ్ళెం మీద. మా నాన్న నిర్దోషి అని తేలడానికి ఇంతకాలం పట్టింది.

దీనికి మందు కూడా కెమెరాలోనే ఉంది. చాలా మోడళ్ళలో బటన్‌ను సగం నొక్కితే దూరం కొలిచి అక్కడ ఆగుతుంది. ఒకరి మొహం మీద సగం నొక్కి పట్టుకుని, కెమెరా పక్కకు జరిపి, పూర్తిగా నొక్కడం. ఈ సంగతి మాన్యువల్లో ఉండేది. ఆ మాన్యువల్ చదివిన ఇల్లు ఒకటైనా ఉందా అన్నది నా అనుమానం.

అద్దం ఇంకో తంటా. బండి కిటికీలోంచి బయటి కొండల్ని తీయబోతే కిరణం గాజుకు తగిలి తిరిగి వచ్చేయవచ్చు. అందుకే కొన్నింటి మీద కొండ బొమ్మతో ఒక మీట ఉంటుంది, లెన్స్‌ను దూరానికే నిలపమని. ఆ రెండు కిటికీల్లో ఒకదాన్ని వేలితో కప్పేయడం మరీ మామూలు తప్పు. మనం కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్ లెన్స్‌లోంచి కాకుండా పక్క కన్నంలోంచి చూపిస్తుంది కాబట్టి, అడ్డొచ్చిన వేలు మనకు కనబడదు. దగ్గరి ఫొటోల్లో నెత్తి తెగిపోవడానికీ ఈ పక్క కన్నమే కారణం. అందుకే వ్యూఫైండర్ అంచుల్లో దగ్గరి ఫొటోల కోసం అదనంగా చిన్న గీతలు పెడతారు.

ఫిక్స్‌డ్ ఫోకస్ కెమెరాలో ఈ కొలతలేవీ లేవు. అక్కడ లెన్స్‌ను ఒక మధ్యస్థ దూరంలో బిగించి, లెన్స్‌లో వెలుతురు దూరే కన్నం బాగా చిన్నది చేసి, ముందూ వెనకా అన్నీ ఫర్వాలేదనిపించేలా సర్దుతారు. లెక్క ఇలా ఉంటుంది. 30 ఎం.ఎం. లెన్స్, కన్నం ఎఫ్ 10 (ఈ ఎఫ్ అంకె పెరిగేకొద్దీ కన్నం చిన్నది), ఫిల్మ్ మీద 0.03 ఎం.ఎం. వరకూ మసకని కన్ను పట్టించుకోదనుకుంటే, 30ని 30తో గుణించి, 10తోనూ 0.03తోనూ భాగిస్తే 3,000 ఎం.ఎం., అంటే 3 మీటర్లు. లెన్స్‌ను 3 మీటర్ల దగ్గర బిగిస్తే అందులో సగం, అంటే మీటరున్నర నుంచి ఆకాశం దాకా అంతా నడిచిపోతుంది. అంతకన్నా దగ్గర నడవదు. పసిబిడ్డ మొహం దగ్గరికి కెమెరా తీసుకెళ్ళి 60 సెంటీమీటర్ల నుంచి తీస్తే ఎంత వెలుతురున్నా మసకే. ఆటోఫోకస్ కెమెరాలకీ ఒక దగ్గరి హద్దు ఉంటుంది. మ్యూ 2కి అది 35 సెంటీమీటర్లు. చాలావాటికి అంతకన్నా ఎక్కువ.

రీలు తన గురించి తాను ఎలా చెప్పుకుంటుంది

రీలు డబ్బీ మీద ముద్రించిన 100, 200, 400, 800 అంకెలు ఐఎస్‌ఓ. వెలుతురుకు ఫిల్మ్ ఎంత చురుగ్గా స్పందిస్తుందో చెప్పే కొలత అది. 200కు కావలసిన వెలుతురులో సగంతో 400 సరిపెట్టుకుంటుంది. డబ్బీని తిప్పి చూస్తే వెండి, నలుపు గళ్ళు కనిపిస్తాయి, రెండు వరసల్లో పన్నెండు. అదే డీఎక్స్ కోడ్. కెమెరా లోపలి చిన్న లోహపు మొనలు ఆ గళ్ళను తాకుతాయి. వెండి గడిలో కరెంటు పారుతుంది, నల్లదాంట్లో పారదు. ఆ తేడాతో రీలు ఐఎస్‌ఓ ఎంతో కెమెరా తెలుసుకుంటుంది.

అన్ని కెమెరాలూ అన్ని గళ్ళూ చదవవు. చవక రకాల్లో కొన్నింటికి తెలిసింది 100, 400 మాత్రమే. 200 రీలు వేస్తే దాన్ని 100గా లెక్కేసుకుంటాయి. కోడ్ లేని డబ్బీ వేస్తే చాలా కెమెరాలు 100 అనుకుంటాయి. వినడానికి ఘోరంగా ఉన్నా కలర్ నెగెటివ్ (ప్రింట్లు వేయించుకునే మామూలు రంగుల రీలు) విషయంలో ఇది పెద్ద ప్రమాదం కాదు. 400 రీలును 100గా పొరబడితే ఫిల్మ్‌కు నాలుగు రెట్ల వెలుతురు పడుతుంది. కలర్ నెగెటివ్ రెండు, మూడు స్టాపుల ఎక్కువ వెలుతురును సులువుగా మింగేస్తుంది (స్టాపు అంటే ఒకసారి రెట్టింపు కావడమో సగం కావడమో). తక్కువ వెలుతురును మాత్రం క్షమించదు. నీడల్లో పడని వివరం ఏ ల్యాబూ పుట్టించలేదు. నల్లగా ఉండాల్సిన చోట మట్టిరంగు, ఇసక రాలినట్టు గింజలు. నేరుగా అసలు రంగుల బొమ్మే పడే స్లైడ్ ఫిల్మ్ వేరే జాతి, అటూ ఇటూ సహించదు. ఇంటి ఫొటోల కాంపాక్ట్‌లో దాన్ని వేయడం ధైర్యమే.

మన రీల్లో బొగ్గులా వచ్చిన ఫొటో సాధారణంగా ఈ తక్కువ వెలుతురు బాపతు. ఆ వెలుతురు ఎందుకు తక్కువైందో తెలియాలంటే ఫ్లాష్ సంగతి చూడాలి.

ఇంట్లో ఫొటో తీసేది లెన్స్ కాదు, ఫ్లాష్

గదిలో దీపాల వెలుగు మన కంటికి ధారాళంగా అనిపిస్తుంది, ఫిల్మ్‌కు అది కటిక సాయంత్రం. అందుకే ఇంటి లోపలి ఫొటోల్లో పని అంతా ఫ్లాష్‌ది. దాని బలాన్ని గైడ్ నంబర్ అనే అంకెతో చెబుతారు. గైడ్ నంబర్‌ను లెన్స్ కన్నం అంకెతో భాగిస్తే వెలుగు ఎంత దూరం చాలుతుందో వస్తుంది.

ఐఎస్‌ఓ 100 దగ్గర గైడ్ నంబర్ 10 (మీటర్లలో) ఉన్న ఫ్లాష్ అనుకుందాం. ఇలాంటి చిన్న కెమెరాలకు అది సబబైన అంకె. ఎఫ్ 2.8 లెన్స్ అయితే 10ని 2.8తో భాగిస్తే సుమారు మూడున్నర మీటర్లు. 400 రీలు వేస్తే దూరం రెట్టింపవుతుంది, ఏడు మీటర్లు. ఓ మాదిరి హాలు మొత్తం వచ్చేసినట్టే.

ఇప్పుడు అదే ఫ్లాష్ జూమ్ కెమెరా మీద పెట్టి చూడండి. చిన్న ఒంట్లో పొడవాటి జూమ్ ఇమడాలంటే, లెన్స్ బయటికి సాగేకొద్దీ కన్నం చిన్నదవుతుంది. పూర్తిగా సాగినప్పుడు ఎఫ్ 10, అంతకన్నా పై అంకెలు కూడా మామూలే. 10ని 10తో భాగిస్తే ఒక మీటరు. 400 రీలుతో రెండు మీటర్లు. పుట్టినరోజు నాడు గది అవతలి మూలలో కొవ్వొత్తులు ఊదుతున్న పాపను, నాలుగు మీటర్ల దూరం నుంచి పూర్తిగా జూమ్ చేసి తీశామనుకోండి, ఫ్లాష్ వెలుగు సగం దారిలోనే అలిసిపోయింది. బొగ్గు ఫొటో రహస్యం ఇదే. జూమ్ తగ్గించి రెండడుగులు ముందుకెళ్ళిన మనిషి అదే కెమెరాతో మంచి ఫొటో తెచ్చుకునేవాడు.

దూరం రెట్టింపైతే ఫ్లాష్ వెలుగు సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. అందుకే గ్రూపు ఫొటోలో ముందు వరస మీటరున్నరలో కూర్చుని, వెనక వరస మూడు మీటర్లలో నిలబడితే, ముందున్న పిల్లలు పిండి రాసినట్టు తెల్లగా, వెనకున్న తాతయ్య చామనఛాయ దాటిపోయి కనిపిస్తాడు. వరసలు దగ్గర దగ్గరగా ఉంటే ఆ తేడా తగ్గుతుంది. కళ్ళల్లో ఎర్రటి చుక్కలకు కారణం ఫ్లాష్, లెన్స్ పక్కపక్కనే ఉండటం. మసక గదిలో కంటిపాప బాగా విప్పారి ఉంటుంది. వెలుగు సూటిగా లోపలికెళ్ళి, రెటీనా వెనకున్న రక్తం రంగుతో సూటిగా వెనక్కొస్తుంది. ముందు చిన్నగా టపటపమని వెలిగే ఏర్పాటు ఆ కంటిపాపను కుంచింపజేయడానికే. పనిచేస్తుంది, కానీ ఆ వెలుగుకే ఫొటో అయిపోయిందనుకుని పిల్లలు పరుగెత్తేస్తారు.

ఫ్లాష్ ఆపేస్తే ఎలా ఉంటుంది? షట్టర్ ఎక్కువసేపు తెరుచుకుంటుంది, చేతి వణుకూ పిల్లల కదలికా అందులో గీతలుగా పడతాయి. కిటికీ పక్కన, పగటిపూట, 400 రీలుతో మాత్రం ఫ్లాష్ లేకుండానే తీసినవి నాకు అన్నిటికన్నా ఇష్టం. అన్నట్టు, మ్యూ 2 లాంటివి ఆపి మళ్ళీ తెరిచిన ప్రతిసారీ ఆటో ఫ్లాష్‌కే తిరిగొస్తాయి. నిద్రపోతున్న బిడ్డను గుట్టుగా తీద్దామని వెళ్ళినప్పుడు ఈ సంగతి గుర్తుకు రాకపోతే ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు.

ఏ రీలు అన్న వాదన

ఎండలో తీసేవాళ్ళు 100, 200 రీళ్ళు మెచ్చుకుంటారు, గింజ సన్నగా ఉంటుందని. అది నిజం. ఇంటి ఫొటోలు తీసేవాళ్ళు 400 వేసి మరిచిపోతారు. నా ఓటు వీళ్ళకే, ముఖ్యంగా జూమ్ కెమెరా ఉన్నవాళ్ళకు. పైన చూసిన లెక్క ప్రకారం 400 అంటే ఫ్లాష్‌కు రెట్టింపు దూరం. ఆరుబయట ఎక్కువ వెలుతురు పడినా నెగెటివ్ తట్టుకుంటుంది. ఒకే రీల్లో పెరడూ వంటిల్లూ రెండూ ఉండే మనుషులకు ఇది తక్కువ తలనొప్పి.

"ఫిల్మ్ రంగు" ఎంతవరకు ఫిల్మ్‌ది

కలర్ నెగెటివ్‌ను కడిగే పద్ధతి పేరు సీ-41. 1972 నుంచి ఉంది. డెవలపర్ 37.8 డిగ్రీల సెల్సియస్ వేడిలో, 3 నిమిషాల 15 సెకన్లు. ఏ కంపెనీ కలర్ నెగెటివ్ అయినా లెక్క అదే, కాబట్టి సరిగ్గా కడిగిన ల్యాబుల మధ్య నెగెటివ్‌లో పెద్ద తేడా రాదు. తేడా వచ్చేది స్కానింగ్‌లో. నెగెటివ్ నారింజ రంగు పొరతో, తలకిందులైన రంగులతో ఉంటుంది. దాన్ని తిప్పి, చర్మం ఏ ఛాయలో ఉండాలో, నీడ ఎంత నల్లగా ఉండాలో తేల్చేది స్కానరూ దాని ముందు కూర్చున్న మనిషీ. ఒకే నెగెటివ్‌ను రెండు చోట్ల స్కాన్ చేయిస్తే ఒకటి పసుపుగా, ఒకటి నీలంగా రావచ్చు. "ఈ రీలు రంగులు అద్భుతం" అని మెచ్చుకునే మాటల్లో కొంత వాటా ఆ స్కానరుకు చెందాలి. కొంతే, గింజ తీరు, వెలుతురు మెత్తగా తెలుపులోకి జారడం నిజంగా ఫిల్మ్ గుణాలే.

స్కాన్ సైజు లెక్క సులువు. అంగుళానికి 300 చుక్కల చొప్పున 6×4 అంగుళాల ప్రింటుకు 1800×1200 పిక్సెళ్ళు చాలు. అదే ఫైలుతో 12×8 వేయిస్తే అంగుళానికి 150 చుక్కలే మిగులుతాయి. గోడకు పెట్టుకునే ఫొటోకు మళ్ళీ పెద్దగా స్కాన్ చేయించాలంటే నెగెటివ్ మన దగ్గర ఉండాలి. స్కాన్‌లు పంపేసి నెగెటివ్‌లు పారేసే ల్యాబులూ ఉన్నాయి, ముందే అడగడం మంచిది. కడగని రీళ్ళతో విమానం ఎక్కేవాళ్ళకు ఇంకో చిక్కు: చేతిసంచుల్ని తనిఖీ చేసే కొత్త సీటీ స్కానర్లు పాత ఎక్స్‌రే యంత్రాల కన్నా ఫిల్మ్‌ను ఎక్కువగా పాడుచేస్తాయి. చేత్తో తనిఖీ చేయమని అడగాలని కొడాకే చెబుతోంది.

పాతదా, కొత్తదా

పాత కెమెరా వైపు వాదన బలమైనదే. మంచి లెన్స్, నిజమైన ఆటోఫోకస్, వెలుతురు కొలత, అన్నీ ఒక పిడికిట్లో. ఇలాంటి కెమెరాలు ఇప్పుడు తయారయ్యేవి బహు తక్కువ. ఎదుటి వాదనా బలమైనదే. వీటి గుండె ఎలక్ట్రానిక్స్. అది ఆగితే విడిభాగాలు దొరకవు. కాంటాక్స్ టీ2 అనే ఇలాంటి కెమెరా తయారుచేసిన క్యోసెరా కంపెనీ 2005లో కెమెరా వ్యాపారమే మానేసింది. వెనక తలుపు చుట్టూ ఉండే నురుగు పట్టీ ఏళ్ళు గడిచేకొద్దీ జిగురుగా కారి వెలుతురు లోపలికి వస్తుంది. ఫొటోల మీద నారింజ చారలు దాని గుర్తు. విప్పి బాగుచేద్దామనుకుంటే, ఫ్లాష్ కోసం కరెంటు నిల్వ ఉంచే కెపాసిటర్ బ్యాటరీ తీశాక కూడా గట్టి షాక్ కొట్టగలదు.

కొత్తవాటి లెక్క వేరు. ఎక్టార్ హెచ్35 కన్నం ఎఫ్ 9.5, షట్టర్ సెకనులో నూరో వంతు, రెండూ మారవు. 400 రీలుతో నడి ఎండలో అది అవసరానికి మించి మూడున్నర స్టాపుల వెలుతురు పోస్తుంది; నెగెటివ్ సాగదీసుకుని ఎలాగో ఓర్చుకుంటుంది. దీపం వెలుగు గదిలో ఫ్లాష్ వేయకపోతే కావలసినదాంట్లో సుమారు ముప్పైరెండో వంతే పడుతుంది. దానికి ఓర్పు సరిపోదు. పెంటాక్స్ 17లో వెలుతురు కొలత ఉంది, ఆటోఫోకస్ లేదు. మనిషి, కొండ వంటి బొమ్మల్లో దూరాన్ని మనమే ఎంచి తిప్పాలి. ఈ రెండూ హాఫ్ ఫ్రేమ్ కెమెరాలు. 36 ఫొటోల రీల్లో 72 వస్తాయి, నిలువుగా, సగం సైజులో. గింజ ఎక్కువ కనిపిస్తుంది, రీలు ఖర్చు సగమవుతుంది. రోలై 35ఏఎఫ్ పూర్తి ఫ్రేము, ఆటోఫోకస్‌కు లైడార్ (లేజర్ కాంతితో దూరం కొలిచే పద్ధతి) వాడుతుంది.

చేతిలో ఫోన్ ఉండగా ఇదంతా దేనికి అనేవాళ్ళకు సమాధానం చెప్పకుండా దాటేయలేం. ఫోన్ ఒక నొక్కుకు ఎన్నో ఫ్రేములు తీసి కలుపుతుంది. చీకట్లో, కదిలే పిల్లలతో అది గెలుస్తుంది, వాదించి లాభం లేదు. ఫిల్మ్ పక్షం వాళ్ళు చెప్పేది, ముప్పైఆరే ఉన్నాయని తెలిస్తే చూసి తీస్తామని, ప్రింటు చేతికొస్తుందని. అదీ నిజమే, కానీ లెక్క కూడా చూసుకోవాలి. ఎనిమిది మంది గ్రూపులో ఒక్కొక్కరు కళ్ళు మూసే అవకాశం ఇరవైలో ఒకటి అనుకుంటే, అందరి కళ్ళూ తెరిచి ఉండే అవకాశం మూడింట రెండు వంతులే. రెండు ఫొటోలు తీస్తే రెండూ చెడే అవకాశం సుమారు తొమ్మిదిలో ఒకటికి పడిపోతుంది. అంటే 36 ఫొటోల రీలు నిజానికి పద్దెనిమిది సందర్భాల రీలు.

రెండోది తీయడం నాన్నకూ అలవాటే అని ఈ మధ్యే తెలిసింది. అమ్మా పిన్నీ ఉన్న ఆ నెగెటివ్ ముక్కను కిటికీకెదురుగా పెట్టి చూస్తే, దాని పక్క ఫ్రేములోనూ వాళ్ళే ఉన్నారు. ఎందుకో నవ్వు ఆపుకోలేక పిన్ని అమ్మ భుజం మీద వాలిపోయింది, మధ్యలో ఖాళీ లేదు. మొహాలు రెండూ స్పష్టంగా ఉన్నాయి. సరిగ్గా కెమెరా వైపు చూడటం లేదని కాబోలు, దానికి ప్రింటు వేయించలేదు.